అడ్డం కూడినా నిలువు కూడినా సరిపోయిన ప్లాను, అయినా అనుమానం

జమాఖర్చు:

నమస్కారం. నేను లెక్కలు రాసి బతికేవాణ్ణి. ఇరవై ఏళ్లుగా జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క రాసి, కింద గీత గీసి, రెండూ సరిపోయాయో లేదో చూడటమే నా పని. ఆ ధైర్యంతోనే, ఇంజనీరు దగ్గరికి వెళ్లేముందు కొత్త ఇంటి ప్లాను నేనే ఒకసారి వేసి చూద్దామని మా అబ్బాయి గ్రాఫు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఒక గడికి ఒక అడుగు. మూడు వారాలకు రబ్బరు అరిగిపోయింది, ఇల్లు ఒక కొలిక్కి వచ్చింది.

చుట్టూ వదలాల్సినంత వదిలాక కట్టుకోవడానికి మిగిలిన చోటు 24 అడుగుల వెడల్పు, 34 అడుగుల లోతు. కింద, పైన రెండు అంతస్తులు. ఇంట్లో ఐదుగురం: నేను, మా ఆవిడ, 14 ఏళ్ల అమ్మాయి, 9 ఏళ్ల అబ్బాయి, మా అమ్మ. అమ్మకు 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు, చేతికర్ర సాయంతో నడుస్తుంది. ఆమె కిందే ఉండాలి, అందులో చర్చ లేదు.

కింది అంతస్తు వీధి వైపు నుంచి లోపలికి మూడు వరుసలుగా వేశాను. ముందు వరుస లోతు 14 అడుగులు: ఎడమ పక్క హాలు 14×14, కుడి పక్క అమ్మ గది 10×14. మధ్య వరుస లోతు 8 అడుగులు: ఎడమ నుంచి 18 అడుగుల మేర భోజనాల చోటు, కుడి చివర 6×8లో మెట్లు. వెనక వరుస లోతు 12 అడుగులు: ఎడమ నుంచి స్టోరు 6, బట్టలుతికే చోటు 6, వంటగది 12. మెట్లు సగం దాకా ఎక్కి మలుపు తిరిగే రకం. ఆ మలుపు కింద చోటు వృథా పోకుండా, అమ్మ గదిలోంచే వెళ్లేలా బాత్రూము పెట్టాను. మొత్తం ప్లానులో నాకు బాగా నచ్చిన ఎత్తు అదే.

పైన మూడు పడకగదులు, ఒక బాత్రూము. వాటి గురించి పెద్దగా అడిగేది లేదు. అమ్మాయికి గడియ ఉన్న తలుపు కావాలి, అబ్బాయికి వీధి కనిపించే కిటికీ కావాలి, రెండూ వచ్చాయి. బాత్రూము అమ్మ గదికి సరిగ్గా పైన పడింది.

14, 10 కలిపితే 24. 18, 6 కలిపితే 24. 6, 6, 12 కలిపితే 24. లోతు 14, 8, 12 కలిపితే 34. అడ్డం కూడినా నిలువు కూడినా ఒక్క గడి తేడా రాలేదు. గర్వంగా తీసుకెళ్లి మా ఆవిడకు చూపించాను. పుస్తకం అటూ ఇటూ తిప్పి, "ఇందులో చీపురు ఎక్కడ పెడతారు?" అని అడిగింది. మూడు వారాల శ్రమ మీద ఆమె చెప్పిన అభిప్రాయం అంతే.

అప్పటి నుంచి అనుమానం పట్టుకుంది. ఈ మెట్లు సరిపోతాయా? వంటగదికి ఒక తలుపు భోజనాల వైపు, ఎదురుగా ఇంకొకటి పెరటి వైపు పెట్టాను, పరవాలేదా? నాకు కనిపించని తప్పులు ఇంకేమైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి.


రసమట్టం:

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను. మీ ఇంట్లో గోడలు లేవండి.

గ్రాఫు గీతకు మందం ఉండదు, గోడకు ఉంటుంది. బయటి గోడలు 9 అంగుళాల చొప్పున రెండు వేసుకోండి, 18 అంగుళాలు. లోపలి గోడ 4.5 అంగుళాలు. ముందు వరుసలో లోపలి గోడ ఒకటే, కాబట్టి వెడల్పులో 22.5 అంగుళాలు పోతాయి. వెనక వరుసలో రెండు, అక్కడ 27 అంగుళాలు, అంటే 2 అడుగుల 3 అంగుళాలు. లోతులోనూ అంతే పోతుంది. పూత మందం వేరే. మీ 10 అడుగుల గది కట్టాక టేపు పెట్టి కొలిస్తే 9 అడుగుల పైచిలుకు ఉంటుంది. సొంతంగా ప్లాను గీసుకునే ప్రతి ఒక్కరూ చేసే పొరపాటే ఇది, చిన్నబుచ్చుకోకండి.

ఇక మెట్లు. కింది నేల నుంచి పై నేలకు 10 అడుగుల 6 అంగుళాలు అనుకుందాం, అంటే 126 అంగుళాలు. ఒక్కో మెట్టు ఎత్తు 7 అంగుళాలు వేస్తే 18 ఎత్తులు. మలుపు దాకా 9, అక్కడి నుంచి 9. తొమ్మిదో ఎత్తుకు కాలు పెట్టేది మలుపు మీదే కాబట్టి ఒక్కో వరుసకు కాలు మోపే మెట్లు 8. ఒక్కో మెట్టు 10 అంగుళాలైతే 80 అంగుళాలు, మలుపు 36 అంగుళాలు, మొత్తం 116. అంటే 9 అడుగుల 8 అంగుళాలు. మీరిచ్చింది 8 అడుగులు. అందులోంచి మలుపు తీసేస్తే మెట్టుకు మిగిలేది 7.5 అంగుళాలు. పాదం సగం గాల్లో ఉంటుంది. ఎక్కడం సంగతి ఎలా ఉన్నా, దిగేటప్పుడు పక్కవాటుగా అడుగు వేయాలి.

7, 10 ఎలా వచ్చాయంటారేమో. రెండు ఎత్తులు, ఒక మెట్టు వెడల్పు కలిపితే మనిషి మామూలు అడుగుకు దగ్గరగా రావాలన్నది పాత సూత్రం. ఫ్రాన్స్ వాస్తుశిల్పి ఫ్రాంస్వా బ్లాండెల్ 1675లో పుస్తకంలో రాసిపెట్టాడు. ఇప్పుడు 60 నుంచి 65 సెంటీమీటర్ల మధ్య పెడతాం. 7, 7, 10 కలిపితే 24 అంగుళాలు, 61 సెంటీమీటర్లు. సరిపోయింది.

మీకు బాగా నచ్చిన ఎత్తు గురించి. అసలు అక్కడ ఎత్తే లేదు. మలుపు నేల నుంచి 63 అంగుళాల మీద ఉంటుంది. స్లాబు మందం 6 తీసేస్తే కింద మిగిలేది 57 అంగుళాలు, 4 అడుగుల 9 అంగుళాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ స్నానానికి నడుం వంచుకుని వెళ్లాలి.

మందు కూడా మీ పుస్తకంలోనే ఉంది. స్టోరు, మెట్లు రెండూ చోటు మారాలి. మెట్లు వెనక వరుసలో ఎడమ చివరికి వెళతాయి, అక్కడ 12 అడుగుల లోతు ఉంది. రెండు వరుసలు పక్కపక్కన పట్టాలి కాబట్టి బట్టలుతికే చోటు నుంచి ఒక అడుగు తీసుకోండి. సామాను మెట్ల మలుపు కిందికి వెళుతుంది. పెట్టెలకు నడుం నొప్పి రాదు. మెట్లు ఖాళీ చేసిన 6×8 మొత్తం అమ్మగారి బాత్రూముకు ఇవ్వండి. పై బాత్రూమును కూడా జరిపి సరిగ్గా దాని మీదికే తీసుకురండి. ఇప్పుడున్న చోటే ఉంచితే రాత్రి ఎవరు నీళ్లు వదిలినా అమ్మగారి నెత్తిమీద చప్పుడు, ఎప్పుడైనా కారితే ఆమె మంచం మీదే. పైగా 4 అంగుళాల మురుగు గొట్టానికి 40 అడుగులకు ఒక అడుగు వాలు ఇవ్వాలి, పది అడుగులు అడ్డంగా నడిపిస్తే 3 అంగుళాలు దిగుతుంది. ఆ గొట్టాన్ని ఎక్కడ దాస్తారు? ఒకదాని మీద ఒకటి ఉంటే గొట్టం బయటి గోడ వెంట నేరుగా దిగిపోతుంది.


జమాఖర్చు:

ఆడిట్‌లో దొరికిపోయినట్టుంది రసమట్టం గారూ. గోడలు ఖర్చు పద్దు కిందికి వస్తాయని తోచనే లేదు. మా ఆవిడకు చదివి వినిపించాను. బాత్రూము భాగం దగ్గర చాలాసేపు నవ్వింది.

చోటు మార్చి మళ్లీ గీస్తున్నాను. ఒక సందేహం: కింద ఉన్నది ఒకే బాత్రూము, అదీ అమ్మ గదిలోంచి. ఇంటికి వచ్చినవాళ్లు పైకి ఎక్కలేరు కదా. దానికే భోజనాల చోటు వైపు రెండో తలుపు పెట్టేస్తే?


కిటికీ_పక్కన:

మా అత్తయ్యను ఆరేళ్లు చూసుకున్నాను. చేతికర్రతో మొదలై, నాలుగు కాళ్ల ఊతకర్ర, తర్వాత చక్రాల కుర్చీ. మీ అమ్మగారికి ఆ అవసరం రాకూడదనే కోరుకుంటాను. కానీ గోడలు కట్టాక తలుపు వెడల్పు చేయించడం ఎంత దుమ్మో, ఎంత గొడవో మేం పడ్డాం కాబట్టి చెబుతున్నాను.

తలుపు తెరిచాక మధ్యలో ఖాళీ 32 అంగుళాలకు తగ్గకూడదు. చెక్క చట్రంతో కలిపి 36 దాకా ఉంచుకోండి. బాత్రూము తలుపు బయటికి తెరుచుకోవాలి. ఇది మాత్రం దయచేసి మర్చిపోకండి. మా అత్తయ్య ఒకసారి లోపల తలుపు దగ్గరే పడిపోయారు. తలుపు లోపలికి తెరుచుకునేది. ఆమెను నెట్టకుండా తెరవలేం, తెరవకుండా లేపలేం. చివరికి పైనున్న చిన్న కిటికీ అద్దం పలకలు ఒక్కొక్కటే తీసి మా పెద్దబ్బాయి లోపలికి దిగాడు. ఆవిడకు దెబ్బలేమీ తగల్లేదు కానీ ఆ పావుగంట నాకు ఇప్పటికీ గుర్తే.

చక్రాల కుర్చీ ఉన్నచోటే తిరగాలంటే 5 అడుగుల గుండ్రటి ఖాళీ కావాలి. మీ 6×8లో గోడలు పోగా సరిగ్గా పడుతుంది, కమోడ్‌ను ఒక చివర పెడితే. కమోడ్ సీటు నేల నుంచి 18 అంగుళాల ఎత్తులో ఉంటే మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. పట్టుకునే కడ్డీలు ఇప్పుడే బిగించకపోయినా, ఎక్కడ వస్తాయో అక్కడ గోడ గట్టిగా కట్టించండి. బోలు ఇటుకలో మేకు ఆగదు.

ఇంటి ముందు ఎన్ని మెట్లు వస్తున్నాయో మీరు రాయలేదు. 6 అంగుళాలవి మూడే అనుకున్నా 18 అంగుళాలు. ఎత్తుకు పన్నెండింతల పొడవుంటేనే కుర్చీని భయం లేకుండా తోయగలం, అంటే వాలుదారికి 18 అడుగులు. కట్టడం తర్వాతైనా కట్టుకోవచ్చు, దానికి పక్కన చోటు ఇప్పుడే వదిలిపెట్టాలి.

వంటగది గురించి కూడా ఒక మాట. పొయ్యి, సింకు, ఫ్రిజ్ మధ్య గీసే త్రికోణం మూడు భుజాలూ కలిపి 13 నుంచి 26 అడుగుల లోపు ఉండాలన్న లెక్క మీరు వినే ఉంటారు. 1940లలో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ల దగ్గర స్థిరపడింది. మీది అందులోనే ఉంటుంది. కానీ మీ రెండు తలుపులూ ఎదురెదురుగా ఉన్నాయి. పెరట్లోకి వెళ్లే ప్రతివాడూ పొయ్యికి, సింకుకు మధ్యలోంచే వెళతాడు. వేడి గిన్నె చేతిలో ఉన్నప్పుడే మీ అబ్బాయి బంతి కోసం పరుగెత్తుకొస్తాడు, రాసిపెట్టుకోండి. పెరటి తలుపు బట్టలుతికే చోటుకు మార్చండి.

ఇద్దరూ వంట చేస్తారా? అలా అయితే గట్టుకు గట్టుకు మధ్య 4 అడుగులు వదలండి. 1926 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది అని ఒకటి చాలా పేరున్నది. దాదాపు 6 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు, అడుగులు లెక్కపెట్టి మరీ అమర్చారు. వేసింది మార్గరెటె షూటె లిహోట్స్‌కీ అనే ఆవిడ. అప్పటికి తనకు వంటే తెలియదని ఆవిడే తర్వాత చెప్పుకుంది! నేటి వంటగట్టులన్నిటికీ అది అమ్మమ్మ లాంటిది. కానీ అందులో పట్టేది ఒక్క మనిషి, ఆ మనిషికి తోడుండేది గోడ. మీరు భోజనాల వైపు తలుపు బదులు వెడల్పాటి ఖాళీ వదలండి.

అన్నిటికన్నా ముఖ్యం: కాగితం మీద చూసి ఒప్పుకోకండి. ఎక్కడైనా నేల మీద సుద్దముక్కతో అసలు కొలతల్లోనే గీసి, మీ అమ్మగారిని అందులో నడిపించండి.


పాత_తాళంచెవి:

బాత్రూముకు రెండు తలుపులా? పెట్టకండి. మా ఇంట్లో పెట్టించాను, పదకొండేళ్లుగా అనుభవిస్తున్నాను. లోపలికి వెళ్లినవాళ్లు రెండు గడియలూ వేస్తారు, బయటికొచ్చేటప్పుడు తాము వచ్చిన తలుపే తీసుకుని వస్తారు. రెండోవైపు వాళ్లు తలుపు తడుతూ నిలబడతారు, లోపల మాత్రం ఎవరూ ఉండరు. గడియ తీయడం మర్చిపోయింది ఎవరన్న దానిమీద మా ఇంట్లో జరిగినన్ని విచారణలు ఏ కోర్టులోనూ జరిగి ఉండవు. పెద్దావిడకు అర్ధరాత్రి ఆ అవస్థ ఎందుకు?

అన్నీ అడిగారు కానీ పడమర ఎటో చెప్పలేదు మీరు. నడినెత్తి ఎండను కిటికీ మీది సజ్జా ఆపుతుంది. సాయంత్రపు ఎండ అడ్డంగా, సూటిగా వస్తుంది, దాన్ని ఏ సజ్జా ఆపలేదు. పడమటి గోడ మధ్యాహ్నమంతా తాగిన వేడిని రాత్రి పడుకునే వేళకు వదులుతుంది. ఆ గోడకు పెద్ద కిటికీ పెట్టి, తలాపి అటే ఉండేలా మంచం వేశారంటే ఇక చెప్పక్కర్లేదు. బట్టల బీరువాలు ఆ గోడకు చేర్చండి, వేడి వాటిదాకా వచ్చి ఆగుతుంది.

ఇంకోటి. సామాను ముందు గీయండి, గది తర్వాత. తలుపులు తెరుచుకునే వంపు కూడా గీయండి. మా పడకగదిలో బీరువా తెరవాలంటే ముందు గది తలుపు మూయాలి.


జమాఖర్చు:

రెండు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించండి. వీధి ఉత్తరాన ఉందండి పాత తాళంచెవి గారూ. అంటే పడమర కుడి పక్క, అంటే అమ్మ గదీ వంటగదీ రెండూ పడమటి గోడకే. ఆ గోడ వెంట అమ్మ బీరువాలు, పైన చిన్న కిటికీ. పెద్ద కిటికీ వీధి వైపు. రెండు గోడలకు కిటికీలు కాబట్టి గాలి ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోతుందని ఆశ.

ఆదివారం సుద్దముక్కలు, పురికొస, టేపు పట్టుకుని ఇప్పుడున్న అద్దె ఇంటి డాబా ఎక్కాం. మొత్తం ఇల్లు పట్టలేదు, ముందు రెండు వరుసలే గీశాం. గోడలు ఈసారి మందంగా, రెండేసి గీతలతో. అమ్మాయి టేపు పట్టింది, అబ్బాయి తలుపుల వంపులు గీశాడు. ప్లాస్టిక్ స్టూలు కమోడ్, బోర్లించిన బకెట్టు చేతులు కడుక్కునే సింకు. అమ్మను మెల్లగా పైకి తీసుకొచ్చాం, పదహారు మెట్లకు మూడుసార్లు ఆగింది. ఇంకో ఇంట్లో ఇలా ఎక్కించకూడదనే కదా ఇదంతా.

నా లెక్క ప్రకారం ఆమె మంచం నుంచి బాత్రూము దాకా టేపు మీద 8 అడుగుల దూరం. అమ్మ చేతికర్రతో నడిస్తే పదిహేను అడుగులు పడ్డాయి. పైగా మంచం మూల దగ్గర కర్ర మోపడానికి చోటు లేక మంచాన్ని ఒక అడుగు ముందుకు జరపాల్సి వచ్చింది. బాత్రూములోకి వెళ్లి స్టూలు మీద కూర్చుని, కుడిచేత్తో గాల్లో తడుముకుంది. "ఇక్కడేదైనా పట్టుకోవడానికి ఉండాలి" అంది. అబ్బాయి వెంటనే ఆ చేయి ఉన్నచోట, నేల మీదే, సుద్దతో ఒక గుర్తు పెట్టాడు. ఎత్తు నేను కొలుచుకున్నాను.

తర్వాత మంచం గీతల మధ్య చాప పరిస్తే పడుకుంది. ఎండ కూడా రావడం మొదలైంది, ఇక లేవమందామనుకుంటున్నాను. కళ్లు మూసుకుని ఉందనుకున్నాను, కానీ తల అటూ ఇటూ తిప్పి చూస్తోంది. "ఇంటి గుమ్మం ఎటురా?" అని అడిగింది. చూపించాను. "వంటగది?" చూపించాను. "మరి ఇక్కడ పడుకుంటే నాకు గోడ తప్ప మనిషి కనపడడే" అంది.

ఆమె గది తలుపు నేను హాలులో వీధి గుమ్మం పక్కనే పెట్టాను. ఎందుకంటే గ్రాఫులో అక్కడ గడి ఖాళీగా ఉంది, అంతకు మించి కారణం లేదు. అబ్బాయి కాలితో సుద్ద చెరిపాడు. అదే గోడలో తలుపును వెనక చివరికి జరిపి గీశాం. అమ్మ మళ్లీ పడుకుని చూసింది. ఇప్పుడు ఆ తలుపులోంచి హాలు సగం, భోజనాల బల్ల మొత్తం, దాని వెనక వంటగది ఖాళీ అంచు కనిపిస్తున్నాయి. మా ఆవిడ వెళ్లి వంటగది ఉండాల్సిన చోట, పిట్టగోడ పక్కన నిలబడి, "కనిపిస్తున్నానా అత్తయ్యా?" అని అడిగింది. "చెయ్యొకటే కనిపిస్తోంది, చాల్లే" అంది అమ్మ.

తలుపు జరపడంతో హాల్లో సోఫా చోటు మారింది. టీవీ గోడ పోయింది. దానికి నాకేమీ బాధ లేదు, అమ్మాయికి ఉంది.

రెండు తలుపుల బాత్రూము ఆలోచన మానేశాను. కానీ వచ్చిపోయేవాళ్ల సమస్య అలాగే ఉంది. రసమట్టం గారూ, మెట్ల కింద అన్నిచోట్లా అంతే ఎత్తా?


రసమట్టం:

మంచి ప్రశ్న. కాదు. మలుపు కింద 4 అడుగుల 9 అంగుళాలే కానీ, అక్కడి నుంచి పైకెళ్లే రెండో వరుస కింద ఎత్తు పెరుగుతూ పోతుంది. మీ కొత్త ప్లానులో ఆ వరుస పై చివర భోజనాల వైపే వస్తుంది. ఆ చివరి నుంచి 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు తీసుకోండి. లోపలి చివర 5 అడుగుల 10 అంగుళాలు ఉంటుంది, తలుపు దగ్గర 8 అడుగులు దాటుతుంది. కమోడ్ తగ్గువైపు, మనిషి నిలబడేది ఎత్తువైపు. కూర్చునే చోట తలకు తగలదు. తలుపు బయటికే. ఎడమ బయటి గోడ పక్కనే కాబట్టి గొట్టానికీ ఇబ్బంది లేదు, గాలికి చిన్న కిటికీ కూడా వస్తుంది. స్నానం కుదరదు, అతిథులకు అంతకన్నా అక్కర్లేదు కదా. మలుపు కింద భాగం మాత్రం సామానుకే, దాని తలుపు బట్టలుతికే చోటు వైపు పెట్టండి.

ఇక ఈ ప్లాను తీసుకుని మీ ఇంజనీరు దగ్గరికి వెళ్లండి. స్తంభాలు, దూలాలు ఎక్కడ వస్తాయో ఆయన చెప్పాక ఇంకో నాలుగు అంగుళాలు అటూ ఇటూ అవుతాయి. అప్పుడు ఏడవకండి.


జమాఖర్చు:

కొత్త పుస్తకంలో మళ్లీ గీశాను, ఈసారి ఒక అడుగుకు నాలుగు గడులు. అడ్డం కూడితే 24, నిలువు కూడితే 34, గోడలతో సహా. మా ఆవిడకు చూపించి, మెట్ల మలుపు కింద మూలలో చిన్న గీత మీద వేలు పెట్టి, చీపురు ఇక్కడ అన్నాను.

చూసింది. పుస్తకం మూసి నా చేతిలో పెడుతూ, "మరి నిచ్చెన?" అంది.